మగ్గాల మోత మెల్లగా వినిపించడం ఎలా: డండీ జూట్ మిల్లులో ప్రాజెక్టు డైరీ

సెప్టెంబర్ 20

చోటు ఖరారైంది. రెండో అంతస్తులో ఉత్తరం మూల, రెండు పోత ఇనుము స్తంభాల మధ్య దాదాపు ఆరు మీటర్ల జాగా. నవంబర్ చివర్లో ఇక్కడ డండీలో ఒక చిన్న మీడియా ఆర్ట్ ఫెస్టివల్ ఉంది, నా ఇన్‌స్టలేషన్‌ని (వీడియో, శబ్దం, వస్తువులు కలిపి ఒక చోట అమర్చే ఆర్ట్) తీసుకున్నారు. వేదిక ఒకప్పటి జూట్ మిల్లు. కింది అంతస్తులు ఇప్పుడు ఆర్టిస్టుల స్టూడియోలు, పైన ఖాళీ హాళ్లు. కిటికీలు మాత్రం ఎంత పెద్దవో చెప్పలేను. అప్పట్లో పగటి వెలుతురుతోనే పని నడవాలి కదా.

డండీ అంటే మనవాళ్లకి మాస్టర్స్‌కి వచ్చే ఊరిగానే తెలుసు, అందుకే కొంచెం చరిత్ర. స్కాట్లాండ్ తూర్పు తీరంలో, టే నది సముద్రంలో కలిసే చోట ఉంటుంది. బెంగాల్ నుంచి ఓడల్లో జనపనార వచ్చేది. ఆ నార పెళుసు, అలాగే యంత్రంలో పెడితే తెగిపోతుంది, అందుకని తిమింగలం నూనె, నీళ్లు చల్లి మెత్తబరిచేవాళ్లు. తిమింగలాల వేటకి వెళ్లే ఓడలకి కూడా ఇదే రేవు కాబట్టి నూనెకి కొదవ లేదు. 1900 ప్రాంతానికి ఊళ్లో సుమారు 50,000 మంది జూట్ పని మీదే బతికేవాళ్లు. మిల్లుల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లే. ఇంట్లో ఉండిపోయిన మగవాళ్లకి 'కెటిల్ బాయిలర్లు' అని పేరు పెట్టారు, అంటే టీ నీళ్లు కాచేవాళ్లని.

1855లో కలకత్తా దగ్గర రిష్రాలో మొదటి జూట్ మిల్లు వచ్చింది, యంత్రాలు డండీ నుంచే వెళ్లాయి. ఆ తర్వాత నార పండే చోటే నేత కూడా చవకైపోయి డండీ మెల్లగా ఓడిపోయింది, 1990ల చివరికి ఆఖరి మిల్లు కూడా మూతపడింది. ఈలోపు ఊళ్లో టైమెక్స్ ఫ్యాక్టరీలో జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్లు తయారయ్యాయి, 1991లో లెమ్మింగ్స్, 1997లో మొదటి గ్రాండ్ థెఫ్ట్ ఆటో, ఈ రెండు వీడియో గేములూ ఇక్కడి కుర్రాళ్లే చేశారు. నేను గేమ్ సౌండ్ చదవడానికి వచ్చింది కూడా ఆ వరసలోనే. 2009లో నియాన్ అనే డిజిటల్ ఆర్ట్ ఫెస్టివల్ మొదలైంది, 2018లో వీ అండ్ ఏ అనే డిజైన్ మ్యూజియం వచ్చింది. ఇంత జరిగిన ఊళ్లో పాత మిల్లులో వీడియో ఆర్ట్ అంటే ఎవరికీ వింతగా ఉండదు.

నాకున్న చిరాకు ఒకటే. మిల్లుల మీద చేసే ఆర్ట్ ఎక్కువగా నిశ్శబ్దంగా, అందంగా ఉంటుంది. మసక వెలుగు, గాల్లో తేలే దూది, వెనకాల నెమ్మదిగా పియానో. శబ్దం పెట్టినా మగ్గాన్ని టక్ టక్ టక్ అని తాళంలా వాడతారు. నేత హాలు అలా ఉండేది కాదని మా పెదనాన్న వల్ల నాకు తెలుసు.

సెప్టెంబర్ 23

పెదనాన్నకి వీడియో కాల్ చేశాను. మాది విజయనగరం జిల్లా. మా వైపు నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లుల పేర్లు తెలియని ఇల్లు ఉండదు. మా పొలాల్లో వేసేది బెంగాల్ జనపనార కాదు, గోగు. గోంగూర కుటుంబంలోదే ఈ మొక్క. కోసి చెరువులో ఊరబెట్టి నార తీస్తారు (ఆ వాసన గురించి అడగొద్దు). భీమిలి రేవు మీదుగా ఎగుమతయ్యేది కాబట్టి వ్యాపారంలో దాని పేరే బిమ్లి జూట్. పెదనాన్న ఒక మిల్లులో వీవింగ్‌లో చేశాడు. ఇప్పుడు ఫోన్లో మనం రెండుసార్లు చెబితే గానీ వినపడదు, ఆయన మాత్రం వీధి చివరికి వినపడేలా మాట్లాడతాడు.

"అక్కడ నోటితో మాటేటి అమ్మీ, అంతా చేత్తోనే" అన్నాడు. నూలు తెగిందంటే రెండు వేళ్లు కత్తెరలా. మేస్త్రీ వస్తున్నాడంటే మీసం దువ్వడం. టీకి వెళ్తున్నా, నా మగ్గం కూడా చూడు అంటే బొటనవేలు పెదవి దగ్గర పెట్టి, తర్వాత మగ్గం వైపు చూపించడం. ఇలా చెప్పుకుంటూ పోతున్నాడు, నేను రాసుకుంటున్నాను. డండీ మిల్లు ఆడవాళ్లు కూడా ఇలాగే సైగలతో, పెదవుల కదలికతో మాట్లాడుకునేవాళ్లని ఇక్కడి మ్యూజియంలో చెప్పారు. వెర్డంట్ వర్క్స్ అని 1833లో కట్టిన మిల్లు, 1996 నుంచి మ్యూజియం, అక్కడ యంత్రాలు నడిపి చూపిస్తారు.

ఇంకో మాట కూడా అన్నాడు, మగ్గం ఫ్రేము మీద పోతపోసిన ఇంగ్లిష్ అక్షరాల్లో డండీ అని ఉండేదట. "అదేదో కంపినీ పేరనుకున్నాం, ఊరని ఎవుడికి తెల్సు." అర్క్‌హార్ట్ లిండ్సే అనే ఇక్కడి ఫౌండ్రీ మన దేశపు జూట్ మిల్లులకి మగ్గాలు పంపేది కాబట్టి ఆశ్చర్యం లేదు.

ప్లాన్ రాసుకున్నాను. గోనెపట్టా తెర మీద సైగలు చేసే చేతుల వీడియో. ముందు ఒక చెక్క ప్లాట్‌ఫామ్, దాని మీద నిలబడితే మగ్గాల అదురు ఒంట్లోకి రావాలి. అదురు పెరిగేకొద్దీ చెవికి వినిపించే మాటలు పనికిరాకుండా పోవాలి, చేతులే మిగలాలి.

అక్టోబర్ 2

టెక్నికల్ మీటింగ్. నా జాబితాలో సగం కొట్టేశారు, కారణాలు న్యాయమైనవే.

శబ్దం గురించి ముందు. జూట్ నేత హాళ్లలో శబ్దం వంద డెసిబెళ్లకి అటూ ఇటూ ఉండేది. డండీ నేత కార్మికుల వినికిడి మీద ఇక్కడి పరిశోధకులు చేసిన అధ్యయనం 1965లో వచ్చింది, ఏళ్ల తరబడి ఆ శబ్దంలో ఉంటే చెవి ఎంత పోతుందో కొలిచిన తొలి పెద్ద పనుల్లో అదొకటి. ఇప్పటి బ్రిటిష్ నిబంధనలు (2005వి) పని చోట రోజంతా సగటున 80 డెసిబెళ్లు చేరితేనే జాగ్రత్తలు మొదలెట్టమంటాయి, 85 దగ్గర చెవులకి రక్షణ తప్పనిసరి, 87 దాటకూడదు. చూసేవాళ్లు అయిదు నిమిషాలు ఉండి వెళ్లిపోతారు, కానీ నా పక్కన కుర్చీ వేసుకుని రోజంతా కూర్చునే వాలంటీర్ ఉంటుంది కదా. ఆ పిల్ల చెవులు పాడుచేసి మిల్లు కార్మికుల చెవుల గురించి ఆర్ట్ చేయడం నాకే బాగాలేదు. కాబట్టి 75 దాటకూడదని ఒప్పుకున్నాను. మిగతాదంతా అదురే మోయాలి.

రెండోది, భవనం వారసత్వ జాబితాలో ఉంది, మేకు కొట్టడానికి లేదు, స్తంభాలకి బెజ్జం పెట్టడానికి అసలే లేదు. మూడోది గోనెపట్టా. జూట్ ఎంత బాగా అంటుకుంటుందో ఈ ఊరికి చెప్పక్కర్లేదు. నిప్పంటుకోని మందు పట్టించిన గుడ్డే వాడాలి, గుడ్డలు నిప్పంటుకోవడం గురించిన బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5867 సర్టిఫికెట్ చూపించాలి. మామూలు గోనెపట్టా కొని స్ప్రే కొట్టుకుందామనుకున్నా, అలా చేస్తే గుడ్డ ముడుచుకుపోయి మచ్చలు పడతాయట, పైగా సర్టిఫికెట్ ఎవరిస్తారు? మందు పట్టించిందే ఆర్డర్ చేశాను. మామూలు దానికి మూడింతల ధర. బడ్జెట్‌లో పెద్ద బొక్క అదే.

అక్టోబర్ 11

చేతుల వీడియోలు వచ్చాయి. మా అన్నయ్య ఫోన్‌తో తీశాడు, వెనకాల నల్ల దుప్పటి కట్టి, డాబా మీద ఉదయపు ఎండలో. మొదట వాట్సాప్‌లో పంపాడు, అది వీడియోని నలిపేసి వేళ్ల మధ్య గీతలన్నీ మాయం చేసింది. డ్రైవ్‌లో పెట్టమన్నాను. పెదనాన్న ప్రతి సైగకి ముందు కెమెరా వైపు చూసి "ఇది బీము మార్చమని" అంటూ వివరిస్తున్నాడు, సైగ చేస్తూ ఎందుకు మాట్లాడుతున్నావు అని అన్నయ్య అరుస్తున్నాడు. ఆడియో వాడను గానీ ఫైల్ మాత్రం దాచుకున్నాను.

అక్టోబర్ 19

ప్లాట్‌ఫామ్ కట్టడం. ఎనిమిదడుగుల, నాలుగడుగుల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీట్లు రెండు, మధ్యలో కలప ఫ్రేము. కింద నాలుగు బేస్ షేకర్లు బిగించాను. షేకర్ అంటే కోను లేని స్పీకర్ అనుకోండి, లోపల బరువైన అయస్కాంతం ఊగుతుంది, గాలిని కాకుండా దేనికి బిగిస్తే దాన్ని కదుపుతుంది. హోమ్ థియేటర్ సోఫాల కింద పెట్టే రకం, 50 వాట్లు, 4 ఓంలు. రెండు రెండు సిరీస్‌లో కలిపి, ఆ రెండు జతల్నీ పారలల్‌లో పెడితే మొత్తం మళ్లీ 4 ఓంలే, ఒక్క చిన్న క్లాస్-డి ఆంప్లిఫయర్ సరిపోయింది. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్‌లో ప్యూర్ డేటా అనే సౌండ్ ప్రోగ్రామ్ నడుస్తుంది. ఆ కంప్యూటర్ సొంత హెడ్‌ఫోన్ జాక్‌లో గరగర ఎక్కువ, చవక యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టాక అది పోయింది.

మ్యూజియంలో రికార్డు చేసుకున్న మగ్గం శబ్దాన్ని సన్నని ధ్వనులు తీసేసి షేకర్లకి ఇచ్చాను. ఏమీ రాలేదు. కాళ్ల కింద ఏదో గొణుగుడు, అంతే. మగ్గం శబ్దంలో చెవికి తగిలేది నాడె (పేకనూలు మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే ముక్క) గుద్దుకునే చప్పుడు, అది సన్నని ధ్వని, షేకర్‌కి అందదు. ఒంటికి తగిలేది పేకపోగును దగ్గరికి కొట్టే చెక్క దెబ్బ, అది రికార్డింగులో దాదాపు లేదు, మైకు దాన్ని గాల్లోంచి పట్టుకోలేదు. అందుకని రికార్డింగులోంచి ఎప్పుడెప్పుడు దెబ్బ పడుతుందో ఆ టైమింగ్ మాత్రమే తీసుకున్నాను. ప్రతి దెబ్బకీ 40 హెర్ట్జ్ దగ్గర చిన్న పొట్టి అల పంపుతున్నాను, గభాల్న లేచి వెంటనే పడిపోయేది. ఈ షేకర్లు గట్టిగా స్పందించేది 40 చుట్టూనే. ఇప్పుడు మోకాళ్ల దాకా వస్తోంది.

అక్టోబర్ 27

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు నచ్చిన రోజు ఇదే, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ఒక మగ్గం నిమిషానికి 130 దెబ్బలు కొడుతుందని పెట్టుకున్నాను, అంటే సెకనుకి రెండు పైచిలుకు. ఒకటే మగ్గం ఉంటే నిజంగానే తాళం ఉంటుంది, కాలు ఆడించొచ్చు. రెండో మగ్గాన్ని 127కి పెట్టాను. కాసేపు రెండూ కలిసి పడతాయి, కాసేపు ఒకదాని సందులో ఇంకొకటి, మళ్లీ కలుస్తాయి. ఇది కూడా వినసొంపుగానే ఉంది, సంగీతం చదువుకున్నవాళ్లు దీనితో గంట కచేరీ చేసేయగలరు. నాలుగు, ఎనిమిది దాకా లెక్కపెట్టుకోవచ్చు. 24 మగ్గాలు, ప్రతిదీ ఒక్కో వేగంతో, అప్పుడప్పుడు ఒకటి నూలు తెగి ఆగి మళ్లీ మొదలయ్యేలా పెట్టేసరికి తాళం చచ్చిపోయింది. సెకనుకి యాభైకి పైగా దెబ్బలు, ఏ రెండూ ఒక వరసలో ఉండవు. దాన్ని ఇక దెబ్బలు అనలేం, ఒకటే హోరు. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి పక్కనున్న ఫ్లాట్‌మేట్‌తో మాట్లాడబోతే నా గొంతే వణికింది. శబ్దం చూస్తే అరవై డెసిబెళ్లు కూడా లేదు.

పెదనాన్న చెప్పింది ఇదే. మగ్గానికి తాళం ఉంటుంది, మగ్గాల హాలుకి ఉండదు. మ్యూజియంలో ఒక్క మగ్గం నడిపి చూపిస్తారు కాబట్టి మనందరికీ మిల్లు అంటే ఆ టక్ టక్ అనే గుర్తు. వందల మగ్గాల మధ్య పది గంటలు నిలబడినవాళ్లకి ఆ టక్ టక్ ఎప్పుడూ వినపడి ఉండదు. కాబట్టి ఇన్‌స్టలేషన్ ఒక్క మగ్గంతో మొదలవుతుంది, జనం తల ఊపడం మొదలుపెట్టాక మిగతావి ఒక్కొక్కటే చేరతాయి, ఏడు నిమిషాల్లో ఆ తాళాన్ని మింగేస్తాయి. తాళం పోయిన క్షణంలోనే తెర మీద చేతులు మాట్లాడడం మొదలవుతుంది.

నవంబర్ 8

గోనెపట్టా మీద ప్రొజెక్షన్ పరీక్ష. అందరూ హెచ్చరించినట్టే నేత సందుల్లోంచి వెలుతురు దాటిపోతోంది. తెర మీద ఒక చెయ్యి, వెనక గోడ మీద దానికన్నా పెద్దది, మసకగా ఇంకో చెయ్యి. దాన్ని ఆపడానికి రెండో పొర వేసి చూశాను, చెయ్యి స్పష్టమైంది గానీ తెర దుప్పటిలా చచ్చుగా కనిపించింది. ఒక్క పొరకే వచ్చేశాను. గోడ మీది చెయ్యి ఉండనీ, మాట్లాడేవాళ్లు ఇంకొందరు ఉన్నట్టుంది.

గుడ్డ రంగు వల్ల పెదనాన్న చేతులు పచ్చకామెర్లు వచ్చినట్టు కనిపించాయి. ప్రొజెక్టర్‌లో నీలం పెంచి, పసుపు తగ్గించి సరిచేశాను. 4,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ చీకట్లో సరిపోతుంది, పగలు ఆ కిటికీలతో అసాధ్యం. అదృష్టం ఏంటంటే నవంబర్ చివర్లో ఇక్కడ నాలుగు కాకముందే సూర్యుడు దిగిపోతాడు. చలికాలం గురించి నేను మంచిగా మాట్లాడడం ఇదే మొదలు. మధ్యాహ్నం షోలకి మాత్రం రెండు కిటికీలకి నల్ల గుడ్డ కట్టాలి, అది కూడా మందు పట్టించిందే.

తెర వేలాడదీయడానికి స్తంభాలకి బెజ్జం పెట్టకుండా, వాటి పక్కనే స్కాఫోల్డింగ్ గొట్టాలు నిలబెట్టి, రబ్బరు చుట్టిన పట్టీలతో స్తంభాలకి బిగించాను. పైన అడ్డంగా ఇంకో గొట్టం. నూటయాభై ఏళ్ల క్రితం పైనుంచి బెల్టులు తిప్పిన ఇరుసులు కూడా అదే ఎత్తులో ఉండేవట, భవనం గురించి తెలిసిన ఒకాయన చూపించాడు.

నవంబర్ 17

ఇన్‌స్టలేషన్ వారం. టెన్షన్ మొదలైంది.

ఇదే అంతస్తు ఇంకో చివర ఒక అమ్మాయి లేజర్, అద్దాలతో పని పెట్టింది. గాల్లో వెంట్రుకంత సన్నని గీత, అది కదలకుండా ఉండడమే దాని అందం. నేను 24 మగ్గాలు మొదలెట్టగానే ఆ గీత నీళ్లలో పాములా వణికింది. ఆవిడ నా దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా, "మీది ఎంతసేపు నడుస్తుంది?" అని అడిగింది. ఆ మర్యాదకే భయమేసింది.

దారి రెండు రకాలుగా దొరికింది. షేకర్ల అదురు నేలలోకి దిగకుండా ఉండాలంటే ప్లాట్‌ఫామ్ మెత్తటి కాళ్ల మీద తేలుతూ ఉండాలి. ఆ కాళ్ల మీద అది తనంతట తాను ఊగే వేగం, మనం కదిపే 40 హెర్ట్జ్ కన్నా బాగా కిందుండాలి. కాళ్లు మెత్తగా చేసినా, పైన బరువు పెంచినా ఆ వేగం తగ్గుతుంది. గట్టి రబ్బరు ముక్కలు తీసేసి, వాషింగ్ మెషీన్ కింద పెట్టే ప్యాడ్లు ఒకదాని మీద ఒకటి పెట్టాను, ఫ్రేము లోపల నాలుగు తోట పలకరాళ్లు బిగించాను. బరువు పెరగడం వల్ల పైన నిలబడ్డవాళ్లకి అదురు కాస్త తగ్గింది, ఆంప్ పెంచితే సరిపోయింది. ఆవిడ లేజర్ ఇప్పుడు దాదాపు కదలదు. ఆ 'దాదాపు' గురించి ఇద్దరం ఒప్పందానికి వచ్చాం, నా హోరు రెండు నిమిషాలకి మించదు, తర్వాత అయిదు నిమిషాలు ఆగుతుంది. నిజం చెప్పాలంటే ఆ ఆగడం వల్ల నా పనే బాగుపడింది. మోత ఉన్నట్టుండి ఆగినప్పుడు జనం గట్టిగా మాట్లాడుతూ దొరికిపోతున్నారు.

విద్యుత్ పరికరాలన్నిటికీ పరీక్ష చేసి స్టిక్కర్లు అంటించారు. 24 వోల్టుల అడాప్టర్ ఒకటి ఫెయిలైంది, కొత్తది కొన్నాను.

నవంబర్ 24

తెరిచాక మొదటి శనివారం. చూసినవి రాసి పెట్టుకుంటున్నాను.

చిన్నపిల్లలు ప్లాట్‌ఫామ్ దిగనే దిగరు. పెద్దవాళ్లలో చాలామంది ఒక్క మగ్గం ఉన్నంతసేపే ఉండి, హోరు మొదలవగానే ఫోన్ తీసి వీడియో తీసి వెళ్లిపోతున్నారు. ఆ వీడియోలో ఏమీ ఉండదు, అదురు ఫోన్‌కి ఎక్కదు కదా. బ్రిటిష్ సైగల భాష మాట్లాడే ఇద్దరు వచ్చారు, మిల్లు సైగలకీ వాళ్ల భాషకీ సంబంధం లేదు, అయినా మీసం దువ్వగానే పగలబడి నవ్వారు. బాస్ వస్తున్నాడని ఎవరూ చెప్పకుండానే అర్థమైందట.

డెబ్బై దాటిన ఒకావిడ చాలాసేపు నిలబడింది. చిన్నప్పుడు మిల్లులో స్పిన్నింగ్‌లో చేసిందట. "నేతవాళ్లు టోపీలు పెట్టుకుని వచ్చేవాళ్లు, మమ్మల్ని తక్కువగా చూసేవాళ్లు" అని మొదలుపెట్టింది. నేను కష్టపడి చేసిన హోరు గురించి ఒక్క ముక్క లేదు, అరగంట ఆ టోపీల గురించే. తర్వాత వెళ్తూ, "ధూళి ఏదీ? ధూళి లేకుండా ఇదేం మిల్లు?" అంది. నిజమే, కానీ ఆ ధూళి పెడితే భవనం వాళ్లు నన్ను బయట పెడతారు.

డిసెంబర్ 3

విప్పేశాం. స్కాఫోల్డింగ్ గొట్టాలు అద్దెవి, వెనక్కి వెళ్లాయి. గోనెపట్టా తోటలో కలుపు రాకుండా పరుచుకుంటానని ఒకాయన అడిగాడు గానీ మందు పట్టించిన గుడ్డని మట్టిలో వేయనివ్వడం నాకిష్టం లేదు, కాలేజీ స్టేజీ వాళ్లకి ఇచ్చేశాను.

పెదనాన్నకి మొత్తం వీడియో పంపాను. తన చేతులు మనిషంత పెద్దగా కనిపించినందుకు ఏమైనా అంటాడేమో అనుకున్నా. "స్పీడు తక్కువ పెట్టీసినావు. మాది ఇంత మెల్లగా తిరిగితే మేస్త్రీ ఊరుకుంటాడేటి?" అన్నాడు. ఎంత ఉండాలి అంటే నూటయాభై అన్నాడు, ఆయన వైపు మగ్గాల లెక్కలో అది నమ్మదగిందే. ప్యూర్ డేటా ప్రోగ్రామ్‌లో 130 తీసి 150 పెట్టాను, 24 మగ్గాలకి సెకనుకి 60 దెబ్బలు అవుతుంది, అంటే మగ్గాలు చేరే వేగం కూడా మళ్లీ సర్దాలి, ఏడు నిమిషాలు ఎక్కువైపోవచ్చు.

విశాఖలో గానీ భీమిలిలో గానీ దీన్ని మళ్లీ పెట్టాలని ఉంది, మన గోగునార గుడ్డతో. అక్కడ లేజర్ పక్కింటివాళ్లు ఉండరు కాబట్టి పలకరాళ్లు అక్కర్లేదు, 230 వోల్టులే కాబట్టి ఆంప్ అలాగే నడుస్తుంది, షేకర్లు మాత్రం సూట్‌కేసులో బరువు. ప్లైవుడ్ ఎలాగూ మోసుకెళ్లలేను. డండీలో ఉన్న మనవాళ్లెవరికైనా బల్లకో మంచానికో కావాలంటే వచ్చి తీసుకెళ్లండి, అంచుల్లో స్క్రూ బెజ్జాలు తప్ప కొత్తదే.